మీకు తెలుసా? పాత గేమింగ్ సిస్టమ్‌లో ఇంకా దమ్ముంది!

2020లో వచ్చిన ఆట. 2008లో వచ్చిన ప్రాసెసర్. రెండిటికీ జోడీ కుదురుతుందంటే నమ్ముతారా? నమ్మండి! వాలరెంట్ విడుదలైనప్పుడు ప్రకటించిన కనీస అర్హతల్లో ఇంటెల్ కోర్ 2 డ్యూయో ఈ8400 పేరుంది! అంటే ఏకంగా 12 ఏళ్ళ పాత చిప్పు! మన మొగల్తూరు అంటే చిరంజీవి ఊరు, కృష్ణంరాజు ఊరు అని లోకమంతా చెప్పుకుంటుంది. కానీ మన ఇళ్ళల్లో మూలన పడున్న పాత సిస్టమ్‌ల సంగతి ఎవరూ చెప్పరు. ఇలా దగ్గరికి రండి, చెప్తాను!

ముందుగా ఒక చిన్న పరీక్ష. సిస్టమ్ వెనక్కి వెళ్ళి మానిటర్ వైరు ఎక్కడ గుచ్చి ఉందో చూడండి. పైన, యూఎస్‌బీ రంధ్రాల పక్కనా? అయితే మీ గ్రాఫిక్స్ కార్డు ఊరికే కూర్చుని ఫ్యాను తిప్పుకుంటోంది! ఆ వైరుని కింద, కార్డుకున్న సాకెట్లోకి మార్చండి. ఖర్చు 0 రూపాయలు! నవ్వకండి. చాలా ఇళ్ళల్లో ఇదే కథ!

144 హెర్ట్జ్ మానిటర్ కొన్నారా? భేష్! మరి విండోస్ దాన్ని ఎంతలో నడుపుతోందో చూశారా? చాలాసార్లు 60లోనే! సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేలోకి వెళ్ళి మీరే మార్చాలి. మార్చేదాకా సెకనుకు 84 బొమ్మలు మీ కంటికి అందకుండానే పోతున్నాయి. డబ్బులు మాత్రం వాటికీ కట్టేశారు!

ర్యామ్‌ది ఇంకో తమాషా! డబ్బా మీద 3200 అని ఉంటుంది. బోర్డులో పెడితే 2133 దగ్గరో, 2400 దగ్గరో నడుస్తుంటుంది! బయోస్‌లోకి వెళ్ళి ఎక్స్‌ఎంపీ అన్నది ఆన్ చేస్తేనే అసలు వేగం బయటికొస్తుంది. కొన్ని పాత ఇంటెల్ బోర్డులు ఒప్పుకోవు, అది వేరే మాట. ఒప్పుకునే బోర్డు ఉండి కూడా ఏళ్ళ తరబడి ఆన్ చేయనివాళ్ళు ఎందరో!

ఇది వినండి. 16 జీబీ ర్యామ్ ఒకటే కర్రగా కొంటే ఒక లెక్క. 8 జీబీవి రెండు కొంటే ఇంకో లెక్క! డీడీఆర్4 3200 కర్ర ఒక్కటీ సెకనుకు 25.6 జీబీ మోస్తుంది. రెండు కర్రలు సరైన స్లాట్లలో పెడితే 51.2! సైజు అదే, దారి రెండింతలు! విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో అయితే తేడా కంటికే కనిపిస్తుంది. నాలుగు స్లాట్లుంటే పక్కపక్కన పెట్టకండి. ఒకటి వదిలి ఒకటి!

మౌస్ కూడా ఆలస్యం చేస్తుందండీ! మామూలు మౌస్ సెకనుకు 125 సార్లే సిస్టమ్‌కి కబురు చెబుతుంది. గేమింగ్ మౌస్ 1000 సార్లు! అంటే 8 మిల్లీసెకన్ల ఎదురుచూపు 1కి తగ్గిపోతుంది!

ఇప్పుడు అసలు మాయ! తెర మీద మీరు చూసే బొమ్మలో సగానికి పైగా చుక్కల్ని కార్డు అసలు గీయనే గీయకపోతే? ఏఎండీ 2021 జూన్‌లో తెచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ చేసేది అదే! కార్డు 1280 బై 720లో గీస్తుంది. ఎఫ్‌ఎస్‌ఆర్ దాన్ని 1920 బై 1080కి సాగదీసి, పదును పెట్టి చూపిస్తుంది. గీసింది 44 శాతం చుక్కలే! ఇంకా విచిత్రం, ఇది ఏఎండీ కార్డులకే కాదు, పోటీదారు ఎన్‌విడియావాళ్ళ పాత జీటీఎక్స్ కార్డుల మీదా పనిచేస్తుంది. ఆట సెట్టింగ్స్‌లో ఆ పేరుందేమో వెతకండి. 'క్వాలిటీ' అన్నది ఎంచుకోండి. అంతకన్నా కిందికి దిగితే బొమ్మ కాస్త అలికినట్టవుతుంది, ముందే చెబుతున్నా!

ఎఫ్‌ఎస్‌ఆర్ లేని పాత ఆటా? దానికీ మందుంది! 1080 నుంచి 1600 బై 900కి దిగండి. చుక్కలు 30 శాతం పైగా తగ్గుతాయి! 'షాడోస్' అన్న సెట్టింగ్ కూడా ఓ మెట్టు దించండి. శత్రువు నీడ ఎంత అందంగా పడిందో చూసేలోపు వాడు కాల్చేస్తాడు కదా!

ఆట మొదలైన పావుగంటకి సిస్టమ్ నీరసపడుతోందా? వైరస్ కాదు, వేడి! ఇంటెల్ చిప్పులు చాలావాటికి హద్దు 100 డిగ్రీలు! అక్కడికి చేరగానే చిప్పు తన వేగం తనే తగ్గించుకుంటుంది. లోపల హీట్‌సింక్ కింద రాసిన పేస్టు ఏళ్ళు గడిచేకొద్దీ ఎండి పెచ్చు కడుతుంది. పాతది తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టండి. వెయ్యి రూపాయల లోపే పని! పోయిందనుకున్న వేగం తిరిగొస్తుంది.

మన వైపు వాళ్ళకి మాత్రమే చెప్పాల్సిన రహస్యం ఒకటుంది! పేరుపాలెం బీచ్ మన మొగల్తూరు మండలంలోనే ఉంది కదా. సముద్రపు గాలితో సన్నని ఉప్పు ఇళ్ళల్లోకి వస్తుంది, బోర్డు మీదా కూర్చుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందా, ఆ ఉప్పు గాలిలోంచే నీళ్ళు లాగేసుకుని తడిసిపోతుంది! తడి ఉప్పు, రాగి తీగ, పైగా కరెంటు! ఇక తుప్పు పట్టక చస్తుందా! వానాకాలంలో వాడినా వాడకపోయినా అప్పుడప్పుడూ ఓ గంట ఆన్ చేసి ఉంచండి. లోపలి వెచ్చదనానికి చెమ్మ ఆరుతుంది. ఈ ముక్క పట్నంలో గేమింగ్ సలహాలు చెప్పేవాళ్ళెవరూ చెప్పరు!

ఆన్ చేస్తే బీప్ బీప్ అని అరుస్తూ తెర నల్లగా ఉందా? చాలాసార్లు ర్యామ్ కాళ్ళకి పట్టిన మకిలే కారణం! పెన్సిల్ రబ్బరుతో మెల్లిగా రుద్దితే చాలు, బతికేస్తుంది! ఆ పచ్చటి కాళ్ళ మీద ఉన్నది నిజమైన బంగారమే! కాకపోతే మిల్లీమీటరులో 1000వ వంతు మందం కూడా ఉండదు. అందుకే గట్టిగా రుద్దొద్దు. బంగారం పోయాక ఏ కంసాలీ పూత వేయడు!

సిస్టమ్ వెనకాల రేకు తీసేసిన కంత ఒకటి ఉందా? ఆ కంత వెడల్పు 20 మిల్లీమీటర్లు కూడా ఉండదు! కానీ చీమలకి అది సింహద్వారం! బొద్దింకలకి రాజమార్గం! బల్లి దూరి, సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌లో అడ్డంగా పడిందంటే ఇద్దరూ కలిసే పోతారు. రేకు దొరక్కపోతే సన్నటి మెష్ ముక్క స్క్రూతో బిగించండి.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తోందా? వెబ్‌సైట్లు తెరుచుకోవట్లేదా? ఆటలు లాగిన్ కావట్లేదా? రిపేరుకి పరుగెత్తకండి! మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ ఉంటుంది. పేరు సీఆర్ 2032. ఆ పేరులోనే దాని కొలతలున్నాయి! అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2! చిల్లర డబ్బులతో వచ్చేస్తుంది. మార్చి తేదీ సరిచేస్తే మూసుకున్న తలుపులన్నీ తెరుచుకుంటాయి!

సీపీయూ డబ్బా ముట్టుకుంటే వేళ్ళకి చిమచిమ అంటోందా? 'మా సిస్టమ్ అంతేనండీ' అని సర్దుకుపోతున్నారా? అయ్యబాబోయ్, వద్దు! ఇంట్లో ఎర్తింగ్ లేకపోతే ఆ ఇనప డబ్బా మీద సుమారు 115 వోల్టులు కూర్చుంటాయి! ఇంటికొచ్చే 230లో సరిగ్గా సగం! ఎస్‌ఎంపీఎస్ లోపలి చిన్న కెపాసిటర్లు చేసే పని అది. పారే కరెంటు తక్కువ కాబట్టి చిమచిమతో సరిపోతోంది. కొత్త కార్డు కొనేముందు ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్త్ చూపించండి. ఎర్త్ సరిగా లేకపోతే కార్డుకే కాదు, మీకూ మంచిది కాదు!

ఇప్పుడు జేబులో చెయ్యి పెడదాం. మొదటి రూపాయి దేనికి? కార్డుకి కాదు! మీ పాత హార్డ్‌డిస్క్ నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది. లోపలి పళ్ళెం అంచు వేగం లెక్కేస్తే గంటకు 125 కిలోమీటర్ల పైమాటే! అంత పరుగెడుతున్నా మీ సిస్టమ్ ఎందుకు ఈడుస్తోంది?

ఎందుకంటే వెతుకులాట! హార్డ్‌డిస్క్ సూది అటూ ఇటూ జరుగుతూ సెకనుకు దాదాపు 100 చోట్ల నుంచే చదవగలదు. మంచి సాటా ఎస్‌ఎస్‌డీ? 90,000 చోట్ల నుంచి! సున్నాలు తప్పు పడలేదండీ! విండోస్ తెరుచుకోవడం, ఆట లోడ్ కావడం, మ్యాప్ మారడం, ఇవన్నీ వేల చిన్న చిన్న ముక్కలు వెతికే పనులే. అందుకే పాత సిస్టమ్‌కి ఎస్‌ఎస్‌డీ పెట్టగానే ఇది మా సిస్టమేనా అని మళ్ళీ చూస్తారు. బోర్డులో పాతరకం సాటా 2 ఉన్నా సరే, పెట్టేయండి! నన్నడిగితే పాత సిస్టమ్‌కి ఇంతకు మించిన అప్‌గ్రేడ్ లేదు.

మరి 3500 ఎంబీ వేగం అని డబ్బా మీద రాసుకునే ఎన్‌వీఎంఈ? ఆశపడకండి! 2013కి ముందు బోర్డులు చాలావరకు దాని నుంచి బూట్ కావు. పైగా సాటా నుంచి దానికి మారితే ఆటల లోడింగ్‌లో మిగిలేది కొద్ది సెకన్లే. ఆ తేడా డబ్బులు ర్యామ్‌కి దాచుకోండి!

ఒక్క క్షణం వెనక్కి చూస్తారా? 1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్‌డిస్క్‌లో 50 పళ్ళేలు. పట్టేది 5 ఎంబీ! మీ అరచేతిలోని 512 జీబీ ఎస్‌ఎస్‌డీకి సమానం కావాలంటే అలాంటివి లక్ష పైన కావాలి! పేరుపాలెం ఇసుక మీద పరిచినా చోటు చాలదేమో!

8 జీబీ ర్యామ్ పెట్టినా 3 చిల్లరే చూపిస్తోందా? షాపువాడు మోసం చేశాడని తిట్టకండి! మీ విండోస్ 32 బిట్‌ది. అది లెక్కపెట్టగలిగే గదులు 429,49,67,296 మాత్రమే! అంటే 4 జీబీ! ఆపైన ఎంత పెట్టినా దానికి కనపడదు. 64 బిట్ వేయండి, దాక్కున్న ర్యామ్ మొత్తం బయటికొస్తుంది!

డీడీఆర్4కి 288 కాళ్ళు. డీడీఆర్5కీ 288 కాళ్ళే! అయినా ఒకదాని చోట ఇంకోటి దూరదు. మధ్యలో గాడి పక్కకి జరిగి ఉంటుంది! దూరట్లేదని బలంగా నొక్కేవాళ్ళున్నారు. కర్ర విరగదు, స్లాటు విరుగుతుంది!

పాత సామాను ధర పెరగడం ఎప్పుడైనా విన్నారా? పెరిగింది! ఏఐ సర్వర్లు మెమరీ చిప్పుల్ని మింగేస్తుంటే 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. హైదరాబాద్‌లోనూ పెద్ద కేంద్రం ఉన్న మైక్రాన్ కంపెనీ అయితే, మనలాంటి వాళ్ళకి అమ్మే క్రూషియల్ ర్యామ్ వ్యాపారాన్నే మానేస్తున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది! కాబట్టి పాత డీడీఆర్4 కర్రల్ని పాత ఇనప సామానువాడికి వేయకండి. కొనేవాళ్ళు మీ పక్క వీధిలోనే ఉంటారు!

ఇక నేను కాస్త గట్టిగా చెప్పే మాట. ఎస్‌ఎంపీఎస్! స్టిక్కర్ మీద '450 వాట్లు' అని పెద్దక్షరాలు ఉంటాయి. మీరు చిన్నక్షరాలు చదవండి! ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది 12 వోల్టుల లైను నుంచే. దాని పక్కన 15 ఆంపియర్లు అని ఉందనుకోండి. 12ని 15తో గుణించండి. 180 వాట్లు! 450 ఎక్కడ, 180 ఎక్కడ! మిగతాదంతా మీ కార్డుకి పనికిరాని లైన్లలో చూపించిన లెక్క. దానికి పెద్ద కార్డు తగిలిస్తే ఆట మధ్యలో టప్పున ఆగిపోతుంది. అదృష్టం బాగాలేకపోతే పోతూ పోతూ బోర్డునీ తీసుకుపోతుంది!

అందుకే భీమవరం వెళ్ళినా, నరసాపురం వెళ్ళినా, సికింద్రాబాద్ కంప్యూటర్ల బజారు సీటీసీలో అంగడంగడూ తిరిగినా స్టిక్కర్ తిప్పి చూపించమనండి. '80 ప్లస్' గుర్తు ఉందా? అంటే గోడ నుంచి తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతం సిస్టమ్‌కి అందిస్తుందని పరీక్షలో తేలినట్టు! మిగతా చోట్ల ఎంతైనా బేరమాడండి. ఇక్కడ మాత్రం వద్దు.

ఇంట్లో యూపీఎస్ ఉందిలే అని ధీమానా? 600 వీఏ అని రాసి ఉన్నవి చాలావరకు ఇచ్చేది 360 వాట్లే! ఆట జోరు మీదుండగా కరెంటు పోతే కుయ్‌మంటూ అదీ పోతుంది. ఆట కాపాడుకోవడానికి కాదు, సేవ్ చేసుకోవడానికి అనుకోండి!

'వీడి గేముల వల్లే కరెంటు బిల్లు' అని ఇంట్లో గోలా? లెక్క చూపించండి! 300 వాట్లు తాగే గేమింగ్ సిస్టమ్ మన రొయ్యల చెరువులో తిరిగే 1 హెచ్‌పీ ఏరేటరులో సగం కూడా కాదు! ఏరేటరు మోటారు 746 వాట్లది. రోజుకి 4 గంటలు ఆడితే 1.2 యూనిట్లు. నెలకి 36! ఇది చెప్పాక చదువు సంగతి ఎత్తితే మాత్రం నా దగ్గర లెక్కలేదు!

ఇక కార్డుల బజారుకి పోదాం పదండి! ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా వైరే అక్కర్లేని గ్రాఫిక్స్ కార్డులున్నాయని తెలుసా? మదర్‌బోర్డు స్లాటు ఒక్కటే 75 వాట్లు ఇస్తుంది. జీటీఎక్స్ 1650 మోడళ్ళు చాలావరకు ఆ తిండితోనే బతుకుతాయి. 2024లో వచ్చిన 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050కి 70 వాట్లు చాలు! పాత ఆఫీసు సిస్టమ్‌కి ఇవే పెట్టుబడి. కొనేముందు కార్డు మీద పవర్ సాకెట్ ఉందో లేదో చూసుకోండి, కొన్నిటికి ఉంటుంది!

పేరు ఒకటే, ప్రాణం మూడో వంతు! జీటీ 1030 కార్డు రెండు రకాలు. ఒకటి జీడీడీఆర్5 మెమరీతో, సెకనుకు 48 జీబీ. ఇంకోటి డీడీఆర్4తో, 16.8 జీబీ! డబ్బా చూస్తే కవలలు! 'మెమరీ ఎన్ని జీబీ' అని అడిగితే రెండిటికీ ఒకటే జవాబు. 'ఏ రకం మెమరీ' అని అడగండి. షాపులో మీ మీద గౌరవం పెరుగుతుంది!

ఇంకో కవల! ఆర్‌ఎక్స్ 580లో 2304 కోర్లుండాలి. '2048ఎస్‌పీ' అని చిన్న తోక ఉన్న ఆర్‌ఎక్స్ 580లో? తోకలోనే ఉంది, 2048! 256 కోర్లు మాయం! సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో ఆ తోక తరచూ కనిపించదు.

కవలలు సరే, దొంగ కార్డులూ ఉన్నాయి! 2010 నాటి జీటీఎస్ 450 కార్డుకి లోపలి పేరు మార్చేసి జీటీఎక్స్ 1050 టీఐ అని అంటగట్టేస్తారు. విండోస్ కూడా ఆ పేరే చూపిస్తుంది! పట్టేది ఎలా? జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడపండి. దొంగదైతే పేరు ముందే 'ఫేక్' అని రాసి చూపిస్తుంది! డబ్బులిచ్చే ముందు రెండు నిమిషాలు. అమ్మేవాడు 'ఇప్పుడెందుకండీ' అంటే మీరు చెప్పులేసుకోండి!

ఒక్క రోజులో ప్రపంచంలోని లక్షల కార్డులకి పని పోయింది! 2022 సెప్టెంబరు 15న! ఎథీరియం అనే క్రిప్టో నాణేన్ని గ్రాఫిక్స్ కార్డులతో తవ్వే పద్ధతి ఆ రోజుతో ఆగిపోయింది. అప్పటిదాకా రాత్రింబవళ్ళు చాకిరీ చేసిన కార్డులు సెకండ్ హ్యాండ్ బజారుకొచ్చాయి. భయపడి పారిపోనక్కర్లేదు. చిప్పు కన్నా ముందు అరిగేది ఫ్యాను. ఫ్యాను మార్చుకోవచ్చు! కానీ ఎదురుగా ఓ అరగంట ఆట ఆడించి చూశాకే జేబు తీయండి.

కొత్తదైతే మంచిదేగా అంటారా? ఆగండి! ఇంటెల్ 2024 డిసెంబరులో తెచ్చిన ఆర్క్ బీ580 కార్డుకి 12 జీబీ మెమరీ! ధరకి తగ్గ మొనగాడే! కానీ బోర్డులో 'రీసైజబుల్ బార్' అనే సౌకర్యం లేకపోతే చతికిలబడుతుంది. మీది ఇంటెల్ 10వ తరం కన్నా పాతదా? దాని జోలికి పోవద్దు!

ఇలాంటిదే ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ. కార్డు చూస్తే పొడుగాటి స్లాటుకి నిండుగా సరిపోతుంది. కానీ 16 దార్లలో అది వాడేది 4! కొత్త బోర్డు మీద ఫర్వాలేదు. పాత పీసీఐఈ 3 బోర్డు మీద ఆ నాలుగు దార్ల వేగమూ సగమైపోతుంది. పాత సిస్టమ్‌కి తగ్గ ధరలో వచ్చే కార్డు పాత సిస్టమ్‌లోనే సరిగా నడవదు. చిత్రం కాదూ!

రంగురంగుల లైట్ల ఫ్యాన్లు పెంచే ఫ్రేములు ఎన్నో తెలుసా? 0! అందంగా ఉంటాయి, కాదనను.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ముక్క! 2017లో కొన్న ఏఎండీ బోర్డులో 2022 నాటి ప్రాసెసర్ కూర్చుంటుంది! నిజం! ఏఎమ్4 సాకెట్ కాళ్ళు 1331. రైజెన్ మొదటి తరం నుంచి 5000 వరుస దాకా అన్నీ ఆ సాకెట్‌వే. బీ350 బోర్డుంటే కంపెనీ సైట్ నుంచి కొత్త బయోస్ దింపుకుని, పెన్‌డ్రైవ్‌తో ఎక్కించండి. రూపాయి ఖర్చు లేదు! మీ మోడల్‌కి ఏ ప్రాసెసర్లు నడుస్తాయో అక్కడే జాబితా ఉంటుంది. ఒక్కటే జాగ్రత్త. బయోస్ ఎక్కుతుండగా కరెంటు పోకూడదు! గాలివాన రోజున ఈ పని పెట్టుకోకండి.

ఆ 2022 ప్రాసెసర్లలో ఒకటి రైజెన్ 7 5800ఎక్స్‌3డీ. దాని లోపలి క్యాష్ మెమరీ 96 ఎంబీ! విండోస్ 98 రోజుల్లో సిస్టమ్ మొత్తానికి 64 ఎంబీ ర్యామ్ ఉంటే చుట్టుపక్కల వాళ్ళు చూడ్డానికొచ్చేవారు! ఇప్పుడది దొరకడం కష్టం, దొరికినా ధర కొండెక్కి ఉంటుంది. రైజెన్ 5 5600 తీసుకోండి. పాత కార్డుకి అదే ఎక్కువ!

ఇంటెల్ వైపు మాత్రం వేరే కథ! 7వ తరానికి సాకెట్ కాళ్ళు 1151. 2017 అక్టోబరులో వచ్చిన 8వ తరానికీ 1151! సాకెట్లో హాయిగా కూర్చుంటుంది కూడా. కానీ పాత బోర్డు మీద ఆన్ కాదు! సెకండ్ హ్యాండ్‌లో ఐ5 8400 చవగ్గా దొరికిందని ఎగిరి గంతేసేముందు మీ బోర్డు పేరు చూసుకోండి.

4వ తరం ఐ5 వాడుతున్నారా? మీకో చాటు దారి! సర్వర్ల కోసం చేసిన జియాన్ ఈ3-1231 వీ3 ఆ 1150 సాకెట్లోనే కూర్చుంటుంది. మీ ఐ5కి 4 థ్రెడ్లు, దీనికి 8! ఐ7 పని, సర్వర్ పేరు! గమ్మత్తేమిటంటే దీనిలో సొంత గ్రాఫిక్స్ లేదు. విడి కార్డు లేకపోతే తెర మీద ఏమీ రాదు. బోర్డు సైట్లో దాని పేరుందో లేదో ముందు చూడండి!

ఆఫీసుల్లో తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్‌లు ఊళ్ళమీదికి వస్తున్నాయి. చవక, గట్టివి! కానీ మూత తీస్తే ఆశ్చర్యం! ఆప్టిప్లెక్స్ 7020లో బోర్డుకి వెళ్ళే ప్రధాన పవర్ కనెక్టర్‌కి 8 పిన్నులే! బయట దొరికే ఎస్‌ఎంపీఎస్‌లకి 24! మధ్యలో అడాప్టర్ వైరు కావాలి. లేదా పైన చెప్పిన 75 వాట్ల కార్డుతో సరిపెట్టుకోవాలి. నేనైతే సరిపెట్టుకోమంటాను!

'పింగ్ ఎక్కువొస్తోంది, కొత్త కార్డు కొనాలి' అనేవాళ్ళకి ఒక మాట. కార్డుకీ పింగ్‌కీ సంబంధం 0! మొగల్తూరు నుంచి ముంబయి సర్వర్‌కి తిన్నగా దారి వేసినా ఫైబర్‌లో కాంతి వెళ్ళి రావడానికే దాదాపు 10 మిల్లీసెకన్లు పడుతుంది! అంతకన్నా కిందికి ఏ కార్డూ దించలేదు. మీకు 60 వస్తోందా? వైఫై వదిలి, రౌటర్ నుంచి లాన్ వైరు లాగండి!

ఆ ఫైబర్ గురించే ఇంకో సంగతి! ఏపీ ఫైబర్ తొలి వెలుగు చూసిన ఊరు ఏ పట్నమో కాదు. నరసాపురం రేవు దాటితే వచ్చే సఖినేటిపల్లి మండలంలోని మోరి! 2016 డిసెంబరులో! అప్పటి ప్యాకేజీ నెలకి 149 రూపాయల నుంచి మొదలు!

తెలుగువాడు సత్య నాదెళ్ళ సారథిగా ఉన్న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సెలవిచ్చింది! విండోస్ 11 కావాలంటే, ఇంటెల్ అయితే కనీసం 8వ తరం ఉండాలట. మరి పాతవాళ్ళు? ఇళ్ళల్లో వాడేవాళ్ళకి 2026 అక్టోబరు 13 దాకా రక్షణ అప్‌డేట్లు ఇచ్చే పథకం ఒకటి పెట్టారు. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో నమోదు చేసుకోవాలి. ఇంకా విండోస్ 7 మీదున్నారా? స్టీమ్ అయితే 2024 జనవరి 1నే తలుపు మూసేసింది!

విండోస్ లేకుండానే విండోస్ ఆటలు! వాల్వ్ కంపెనీ 2018 ఆగస్టులో ప్రోటాన్ అనే ఉచిత సాధనం తెచ్చింది. లైనక్స్ మీద స్టీమ్ పెట్టుకుంటే వేల విండోస్ ఆటలు నడుస్తాయి! వాలరెంట్ మాత్రం మొండికేస్తుంది, నడవదు. అది లేకపోయినా బతకగలం అనుకుంటే పాత సిస్టమ్‌కి ఇది రెండో జన్మ!

ఇవన్నీ విని ఇప్పుడే స్క్రూడ్రైవర్ పట్టుకున్నారా? ఒక్క నిమిషం! పాత హార్డ్‌డిస్క్‌లో అక్క పెళ్ళి ఫొటోలున్నాయా? నాన్నగారి కాగితాల స్కాన్‌లున్నాయా? డిస్క్ విప్పడానికి ముందే ఓ 64 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బీరువాలో పెట్టండి. ఆ తరవాతే మూత తీయండి!